తప్పు చెప్పే వంతు

3వ తేదీ, సోమవారం

మొదటి రోజు. భయం వెయ్యలేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకోవడం మంచిది. బస్సులో బ్యాగు వదిలేసి దిగిపోయి, మళ్ళీ ఆ బస్సు వెనకాల మలుపు దాకా పరుగెత్తింది భయం వల్ల కాదు, ఏదో ఆలోచనలో ఉండటం వల్ల. కండక్టరు కిటికీలోంచి బ్యాగు అందిస్తూ "నిదానంగా వెళ్ళమ్మా, బడి ఎక్కడికీ పోదు" అన్నాడు. బడికని అతనికెలా తెలిసిందో. చేతిలో చార్టులు ఉన్నాయి కదా, అందుకే అయి ఉంటుంది.

మూడో తరగతి. ముప్ఫై ఒక్క మంది పిల్లలు, పదహారు బెంచీలు, ఒక కాలు పొట్టిదైన బల్ల. క్లాసు టీచరుకి యాభై దాటి ఉంటాయి. నన్ను పైనుంచి కింది దాకా చూసి "ఎన్ని వారాలు?" అన్నారు. నాలుగు వారాలండీ అన్నాను. "అయితే పరవాలేదు" అన్నారు. ఎవరికి పరవాలేదో చెప్పలేదు. ఆవిడ పెద్ద టీచరు కాబట్టి పిల్లలకి నేను చిన్న టీచరునైపోయాను. ఇరవై ఏడేళ్ళ దాన్ని. అయినా పిలవగానే పలికాను.

4వ తేదీ, మంగళవారం

ఇవాళంతా వెనక బెంచీలో కూర్చుని పెద్ద టీచరు పాఠాలు చూడటమే పని. ఆవిడ గొంతు పెంచరు. కళ్ళజోడు ముక్కు చివరికి దించితే చాలు, క్లాసంతా సర్దుకుంటుంది. నాకు కళ్ళజోడు లేదు.

పిల్లల పేర్లు ఇంకా నోటికి రాలేదు, అందుకని నాకు నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటి బెంచీలో ఒక పిల్లాడు ప్రతిదానికీ "అలా ఎందుకు?" అని లేస్తాడు, వాడు లాయరు. వాడి వెనక ఒకడు పెన్సిలు కింద పడ్డా నవ్విస్తాడు, వాడు జోకరు. మూడో బెంచీ చివర ఒక పాప ఉంది. పొద్దుట్నించి సాయంత్రం దాకా కిటికీలోంచి బయటికే చూస్తుంది. బయట నీళ్ళ ట్యాంకు, సైకిళ్ళ షెడ్డు తప్ప ఏమీ లేవు. నేనూ వెళ్ళి చూశాను. ఆ పిల్ల కిటికీ పాప.

"ఆ పిల్లని కదపకు" అన్నారు పెద్ద టీచరు. "అడిగినా చెప్పదు, నీ టైము పోతుంది."

6వ తేదీ, గురువారం

నా మొదటి పాఠం. చాక్‌పీసు విరిగింది. ఇంకోటి తీశాను, అదీ విరిగింది. ఈ మధ్య చాక్‌పీసులు మరీ నాసిరకంగా వస్తున్నాయి.

7వ తేదీ, శుక్రవారం

రాయకూడదనుకున్నాను గానీ, ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

పోయిన ఏడాది టీచింగ్ ప్రాక్టీసులో నేను తప్పాను. అంతా బాగానే నడిచింది. ఆఖరి పాఠానికి కాలేజీ నుంచి మేడం వచ్చి వెనక కూర్చున్నారు. ఒక పిల్ల లేచి తప్పు జవాబు చెప్పింది. దిద్దాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. చివరికి "మంచిది" అని ఆ పిల్లని కూర్చోబెట్టేశాను. మేడం నా పుస్తకంలో ఒకటే వాక్యం రాశారు: తప్పు సమాధానాన్ని దిద్దలేకపోయింది.

ఈసారీ పోతే ట్రైనింగ్ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మూడో అవకాశం ఇవ్వరు. క్లినిక్‌లో ఫోన్లు తీసే ఉద్యోగం వదిలేసి వచ్చాను, ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకో అమ్మాయి కూర్చుంది. ఉంటున్నది అక్క ఇంట్లో. అక్కా బావా ఏమీ అనరు. అదే ఇబ్బంది. ఏమైనా అంటే నేనూ రెండు మాటలు అని ఊరుకునేదాన్ని.

నాకు టీచరు అవ్వాలని ఉంది. చాలా ఉంది. ఇది ఎవరికీ చెప్పను.

10వ తేదీ, సోమవారం

ఆఖరి పాఠం ఏమిటో తేలింది. గడియారం చూడటం. అట్టతో పెద్ద గడియారం చేశాను. చిన్న ముల్లు ఎరుపు, పెద్ద ముల్లు నీలం. ఎంతో ముచ్చటగా వచ్చింది. బావకి చూపించాను. బావది గడియారాలు బాగుచేసే కొట్టు, ఇంట్లో కూడా భూతద్దం కంటికి తగిలించుకునే అన్నం తింటాడు.

చేతిలోకి తీసుకుని, పెద్ద ముల్లు తొమ్మిది మీదికి తిప్పాడు.

"ఇప్పుడెంతయింది మరదలు పిల్లా?"

"పావు తక్కువ నాలుగు."

"మరి చిన్న ముల్లు మూడు మీదే కూర్చుందేం? ముప్పావు గంట సేపు అది నిద్రపోయిందా?"

అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. అట్ట గడియారం బీరువా మీద పెట్టేశాను. బావ రేపు కొట్లోంచి పాత గోడ గడియారం ఒకటి తెస్తానన్నాడు. వెనక మర తిప్పితే రెండు ముళ్ళూ కలిసి కదులుతాయట.

12వ తేదీ, బుధవారం

మేడం వచ్చే రోజు చెప్పారు. ఇరవై ఒకటి, శుక్రవారం, రెండో పీరియడు. ముప్ఫై అయిదు నిమిషాలు.

నాకు భయం లేదు.

13వ తేదీ, గురువారం

పక్క సెక్షన్‌లో నాతోపాటు ట్రైనింగ్‌కి వచ్చిన అబ్బాయి ఉన్నాడు. నాకన్నా అయిదేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. వాడి చార్టులు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. వాడి పాఠం నిన్ననే అయిపోయింది, ఎనభై రెండు మార్కులు. మధ్యాహ్నం డబ్బాలు కడుక్కుంటున్నప్పుడు అడిగాను, ఎలా తమ్ముడూ అని.

"పాత్రలు పంచెయ్యాలి అక్కా."

"పాత్రలేంటి?"

"ఏ ప్రశ్నకి ఎవరు లేవాలో, ఏం చెప్పాలో ముందే చెప్పి, నాలుగుసార్లు ఆడించెయ్యి. మన సీనియర్లందరూ అంతే. నీకింకా ఎవరూ చెప్పలేదా?"

"అందరూ సరిగ్గా చెబితే మేడంకి అనుమానం రాదూ?"

"అందుకే ఒకళ్ళకి తప్పు ఇవ్వాలి. వాళ్ళు తప్పు చెబుతారు, నువ్వు దిద్దుతావు. మార్కుల పుస్తకంలో తప్పు దిద్దే గడికే ఇరవై మార్కులు."

ఇది మోసం కదా అన్నాను. మోసం కాదక్కా, తయారీ అన్నాడు. నాకు నచ్చలేదు. ఇలాంటివి నేను చెయ్యను.

14వ తేదీ, శుక్రవారం

తయారీ అంటే అసలు తప్పేముంది? పెళ్ళిలో ఫోటో తీసే ముందు కూడా అందరినీ వరసగా నిలబెడతారు.

17వ తేదీ, సోమవారం

పాత్రలు పంచాను. ఆరుగురికి సరైన జవాబులు, ఒకరికి తప్పు. మేడం నాకు మార్కులు వేస్తారని పిల్లలకి చెప్పాను. వాళ్ళకి ఆశ్చర్యం.

"మీకు కూడా పరీక్ష ఉంటుందా టీచర్?" అన్నాడు లాయరు.

"ఉంటుంది."

"తప్పితే?"

"ఇంటికి పంపేస్తారు."

క్లాసంతా చిన్నబోయింది. ఒక పాప నా చెయ్యి పట్టుకుని చదువుకోండి టీచర్ అంది.

తప్పు జవాబు ముందు లాయరుకే ఇవ్వబోయాను. ససేమిరా అన్నాడు. "నేను తప్పు చెప్పను టీచర్. ఇంట్లో తెలిస్తే ఊరుకోరు." సరే, తప్పుని దిద్దే వంతు వాడికిచ్చాను. తప్పు జవాబు జోకరు ఎగిరి గంతేసి తీసుకున్నాడు. గడియారంలో మూడు గంటల నలభై అయిదు నిమిషాలు పెడతాను. వాడు పెద్ద ముల్లు తొమ్మిది మీద ఉంది కాబట్టి "మూడు గంటల తొమ్మిది నిమిషాలు" అనాలి. చిన్నపిల్లలు మామూలుగా చేసే తప్పే ఇది. నేను చిరునవ్వుతో "తప్పు నాన్నా, మళ్ళీ చూడు. ఎవరైనా దిద్దుతారా?" అనాలి. ఆ చిరునవ్వు కూడా అద్దం ముందు నేర్చుకున్నాను. బావ చూసి పన్ను నొప్పా అని అడిగాడు.

19వ తేదీ, బుధవారం

రెండుసార్లు ఆడించాం. చక్కగా నడిచింది. కాకపోతే నేను ముల్లు తిప్పకముందే జవాబు వస్తోంది. రేపు ఆ తొందర తగ్గించమని చెప్పాలి.

20వ తేదీ, గురువారం

జోకరుతో వచ్చింది చిక్కు. తప్పు చెప్పాక ఇవాళ వాడు నుదురు కొట్టుకుని, నాలిక బయటపెట్టి, గుండె పట్టుకుని బెంచీ మీద పడిపోయాడు. క్లాసంతా పకపకలు. అలా కాదురా, మామూలుగా చెప్పరా అన్నాను. రెండోసారి ఇంకా బాగా చచ్చిపోయాడు. ఇది మేడం చూస్తే ఇంకేమైనా ఉందా.

ఆఖరి గంటకి ఆలోచన తట్టింది. కిటికీ పాప. మూడు రోజులుగా అందరూ ఆడుతుంటే ఆ పిల్ల ఒక్కతే నీళ్ళ ట్యాంకు చూస్తోంది. నటించాల్సిన పనే లేదు. చిన్న చీటీ మీద "మూడు గంటల తొమ్మిది నిమిషాలు" అని రాసి, "రేపు గడియారం చూపించి నిన్ను అడిగితే ఇది చెప్పమ్మా" అన్నాను. చీటీ చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, పెన్సిలు డబ్బాలో పెట్టుకుంది. "నన్నే అడుగుతారా?" అంది. అంత సన్నటి గొంతు, దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది. అవునన్నాను.

అది తప్పు జవాబని చెప్పలేదు. చెబితే ఇది కూడా నటించడం మొదలెడుతుంది. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఎలాగూ పాపకి తెలియదు.

జోకరు వంతు తీసేసినందుకు మొహం మాడ్చుకున్నాడు. రెండు రంగు చాక్‌పీసులిచ్చాను.

21వ తేదీ, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలి. మేడం దగ్గర మొదలుపెడతాను.

మేడం సరిగ్గా సమయానికి వచ్చారు. పొడుగు మనిషి, ఆఖరి బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు. ఒళ్ళో నా మార్కుల పుస్తకం, చేతిలో పెన్ను. పెద్ద టీచరు తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నారు. రాయక తప్పదు, భయం వేసింది. పోయిన ఏడాది ఎంత వేసిందో అంత వేసింది.

కానీ మాట వచ్చింది. మొదటి ప్రశ్న అడిగాను, లేవాల్సిన పిల్ల లేచింది, చెప్పాల్సింది చెప్పింది. రెండోది, మూడోది. బావ గడియారం మర తిప్పుతుంటే ముళ్ళు బుద్ధిగా కదులుతున్నాయి. మేడం పెన్ను కదులుతోంది. ఇరవై నిమిషాలు పూలదారిలా సాగింది.

మూడు గంటల నలభై అయిదు నిమిషాలు పెట్టాను. కిటికీ పాపని లేపాను.

లేవడానికే కొంతసేపు పట్టింది. చేతులు వెనక్కి కట్టుకుంది. గడియారం వంక చూసింది, నా వంక చూసింది.

"మూడు గంటల నలభై అయిదు నిమిషాలు."

గట్టిగా చెప్పింది. వెనక బెంచీ దాకా వినబడేలా చెప్పింది. ఈ మూడు వారాల్లో ఆ పిల్ల క్లాసులో నోరు విప్పడం అదే మొదలు. నేను విననే లేదు. నా కళ్ళ ముందు ఉన్నది ఆ పిల్ల కాదు, నా మార్కుల పుస్తకంలో తప్పు దిద్దే గడి. నేర్చుకున్న చిరునవ్వు నవ్వి, "తప్పమ్మా, మళ్ళీ చూడు. ఎవరైనా దిద్దుతారా?" అన్నాను. గొంతు గంటలా పలికింది. ఏడాది నుంచి ఆ ఒక్క వాక్యం కోసం ఎదురుచూస్తున్నాను.

లాయరు లేచాడు. నోరు తెరిచాడు, మూశాడు.

"టీచర్, అది నాది" అన్నాడు. "నేను చెప్పాల్సింది తను చెప్పేసింది. ఇప్పుడు నేనేం చెప్పాలి?"

వెనక నుంచి జోకరు చెయ్యెత్తాడు. "టీచర్, కావాలంటే తప్పు నేను చెప్పేదా?"

మేడం పెన్ను ఆగింది.

కిటికీ పాప ఇంకా నిలబడే ఉంది. తప్పన్నాను కదా, కూర్చోవాలో వద్దో తెలియక సగం వంగింది. దాని మొహం చూశాను. ఆ పిల్ల గడియారాన్ని అనుమానంగా చూస్తోంది. నన్ను కాదు, గడియారాన్ని.

"నేను సరిగ్గా వినలేదమ్మా" అన్నాను. తర్వాత ఇంకొంచెం నయమైన మాట వచ్చింది. "నువ్వు చెప్పింది సరైనదే. తప్పన్నది నేను. తప్పు నాది."

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది.

"పరవాలేదు టీచర్" అంది. "చీటీలో కూడా మీరు తప్పే రాశారు. మా అమ్మ చూసి చెప్పింది. టీచర్లు కూడా ఒక్కోసారి పొరపాటు పడతారంది. తప్పు చెబితే మీకు మార్కులు పోతాయి కదా. అందుకని సరైనది నేర్చుకొచ్చాను."

పెద్ద టీచరు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ పిల్ల నాకు దారి చూపించింది. ఇది రాసుకోవాలి, ఎందుకంటే రేపటికి వేరేలా గుర్తుంటుంది. అవునమ్మా, తొందరలో పొరపాటు రాశాను అంటే చాలు. మేడం నమ్మినా నమ్మకపోయినా నిరూపించలేరు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆ పిల్ల నావైపు చూస్తోంది, నన్ను కాపాడేశానని ఎంత సంతోషంగా ఉందో. అలా చూస్తుంటే అనలేకపోయాను.

"పొరపాటున రాయలేదమ్మా" అన్నాను. "తెలిసే రాశాను. నువ్వు తప్పు చెబితే, నేను దిద్దితే, మేడం నాకు మార్కులు వేస్తారని."

చేతులు ముందుకి తెచ్చి కట్టుకుంది.

"నాకే ఎందుకిచ్చారు?"

ముప్ఫై ఒక్క మంది చూస్తున్నారు, వెనక మేడం చూస్తున్నారు. ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది, ఒక్కటి తప్ప.

"నీకు రాదనుకున్నాను."

"నిన్నటి దాకా రాదు టీచర్" అంది. అని కూర్చుంది.

ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. పాఠం రాసుకున్న నోట్సు మూసేసి గడియారం తీసుకుని బెంచీల మధ్యకి వెళ్ళాను. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పండి అన్నాను. అప్పుడు తెలిసింది, నా ఆరుగురు ఆరు జవాబులు బట్టీ పట్టారు తప్ప ఒక్కడికీ గడియారం చూడటం రాదు. లాయరు అయిదున్నరని ఆరున్నర అన్నాడు. ఎన్ని తప్పులొచ్చాయో లెక్క లేదు. ఒక్కోటీ పట్టుకుని, ఎలా చెప్పావు, ఏ ముల్లు చూశావు అని అడుగుతూ పోయాను. గొంతు గురించి ఆలోచించే తీరికే దొరకలేదు. సగంలో ఉండగా గంట కొట్టారు.

వరండాలో మేడం అన్నారు, "మొదటి ఇరవై నిమిషాలకీ సున్నా వెయ్యాలి."

"అవునండీ."

"ఇది మీరొక్కరే చెయ్యరని నాకు తెలుసు. దొరికింది మాత్రం మీరొక్కరే."

మేడం పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.

"ఆఖరి పదకొండు నిమిషాలు కూడా చూశాను కాబట్టి ఇవాళ మార్కులు వెయ్యను. గురువారం మళ్ళీ వస్తాను. ఇదే క్లాసు, ఇదే పాఠం. ముందే నేర్పించారని ఒక్క పిల్ల వల్ల తెలిసినా ఇక నాతో మాట్లాడేదేమీ ఉండదు."

ఆవిడ వెళ్ళాక పెద్ద టీచరు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఆ పిల్ల తల్లి ఏం చేస్తుందో తెలుసా? బస్టాండులో మైకులో బస్సుల టైములు చెబుతుంది. రోజంతా అదే పని. గడియారం తప్పు రాసి, చూసి చూసి ఆవిడ ఇంటికా పంపావు?" అన్నారు. తర్వాత ఇంకో మాట కూడా అన్నారు, చిన్నగా. "కదపకు అన్నది నేనే కదా. ఈ తప్పులో నా వంతు నాకుంది."

అక్క అడిగింది ఎలా జరిగిందని. బాగా జరిగిందన్నాను. అన్నం తినకుండా లేచేసరికి ఎంత బాగా జరిగిందో తెలిసిపోయింది. అంతా చెప్పేశాను. బావ భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "గడియారం సరిగ్గానే పనిచేసిందా?" అన్నాడు. చేసిందన్నాను. "అయితే మిగతాది నువ్వు చూసుకో" అన్నాడు. అక్క నా పక్కన కూర్చుని, నా జడ విప్పి మళ్ళీ వేసింది.

23వ తేదీ, ఆదివారం

ఏమీ చెయ్యలేదు. నీకు రాదనుకున్నాను అన్న మాట రోజంతా చెవుల్లో ఉంది. సిగ్గేసింది.

24వ తేదీ, సోమవారం

తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. నావల్ల మేడం పక్క సెక్షన్లకి కూడా మళ్ళీ వస్తారేమోనని వాడి భయం. వాడి భయం వాడిది. నాకు నాది చాలు.

26వ తేదీ, బుధవారం

పొద్దున నేను వెళ్ళేసరికి బల్ల ముందు వరస కట్టారు. రేపు మేమేం చెప్పాలి టీచర్, చీటీలివ్వండి అని. చీటీలు లేవన్నాను.

"మరి తప్పు వస్తే?" అన్నాడు లాయరు.

"రానీ."

"మిమ్మల్ని ఇంటికి పంపేస్తే?"

"దానికి మీరు బాధ్యులు కారు. నేనే."

జోకరు వచ్చి, నేను రేపు అసలు మాట్లాడకుండా ఉండనా, మీకు సాయంగా ఉంటుంది అన్నాడు. మాట్లాడరా, చచ్చిపోకు చాలు అన్నాను. కిటికీ పాప వరసలో లేదు. బల్ల దగ్గరికి కూడా రాలేదు. ఇంటికి వెళ్ళే ముందు దగ్గరికి వెళ్ళి, రేపు నీకు చెప్పాలనిపిస్తేనే చెయ్యెత్తు, లేకపోతే నేను లేపను అన్నాను. తల ఊపింది. ఆ తల ఊపడానికి ఏమిటర్థమో నాకు తెలియలేదు.

భయంగా ఉంది.

27వ తేదీ, గురువారం

మేడం ఈసారి బెంచీ వద్దని కుర్చీ తెప్పించుకున్నారు. మోకాళ్ళు సుఖంగా ఉన్నందుకో ఏమో, మొహం మొదటిసారంత కోపంగా లేదు. నా చేతిలో గడియారం తప్ప ఏమీ లేదు.

మొదటి పది నిమిషాలు బాగా లేవు. ఎవరూ చెయ్యెత్తలేదు. జవాబు ముందే తెలియకుండా చెయ్యెత్తడం అంటే వాళ్ళకి భయం పట్టుకుంది, ఆ భయం పెట్టింది నేనే. మాట ఇవాళా పోతుందనుకున్నాను. "ఎవరైనా" అన్న మాట సగంలో తెగింది. లాయరు నన్ను జాలిగా చూసి, లేచి, ఒకటి చెప్పాడు. సరైనదే. అక్కడ్నించి మెల్లగా కదిలింది.

తర్వాత ముళ్ళని ఆరుకి పది నిమిషాలు తక్కువగా పెట్టాను. మూడో బెంచీ చివర చెయ్యి లేచింది.

లేపాను.

"ఆరు గంటల యాభై నిమిషాలు" అంది కిటికీ పాప.

తప్పు. మొదట నా గురించే భయపడ్డాను. మేడం ఏమనుకుంటారో తెలుసు. కానీ ఆ పిల్ల నిలబడే ఉంది, చెవులు రిక్కించుకుని ఉంది, ఎందుకు చెప్పిందో తెలుసుకోవాలనిపించింది.

"ఆరు అని ఎలా చెప్పావు?"

"చిన్న ముల్లు ఆరు దగ్గరే ఉంది కదా టీచర్. అయిదు చాలా దూరం."

ఆ పిల్ల తన కళ్ళతో చూసినదే చెప్పింది. గడియారం తన చేతికిచ్చాను. మర తిప్పి సరిగ్గా ఆరు చెయ్యి అన్నాను. చేసింది. ఇప్పుడు వెనక్కి తిప్పు, చిన్న ముల్లునే చూడు. తిప్పింది. చిన్న ముల్లు ఆరు మీంచి జరిగి ఇవతలికి వచ్చింది. ఇంకొంచెం తిప్పింది, మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. నేనేమీ అనలేదు. నోరు తెరవకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు.

"ఇంకా ఆరు కాలేదు" అంది తనలో తను. తర్వాత క్లాసు వైపు తిరిగి, "అయిదు గంటల యాభై నిమిషాలు. దగ్గరకొచ్చింది గానీ కాలేదు" అంది. జోకరు చప్పట్లు కొట్టాడు, మామూలుగానే కొట్టాడు.

గంట కొట్టాక మేడం నన్ను, పెద్ద టీచరుని వరండాలోకి పిలిచారు.

"మళ్ళీ ఆ పాపేనా?" అన్నారు. "తప్పు ఎంత చక్కగా వచ్చింది. మీరు దిద్దడం ఇంకా చక్కగా వచ్చింది."

అర్థమైంది. "నేను చెప్పించలేదు మేడం. అది తనదే."

"పోయిన వారం చెప్పించారు కదా."

ఒకసారి అబద్ధం ఆడాను, ఇవాళ నిజాన్ని కూడా నమ్మరు. ఆవిడ నమ్మాల్సిన అవసరమేముంది. జాబితాలో నా పేరు మీద గీత పడటం కళ్ళకి కట్టింది. పెద్ద టీచరు ఏదో అనబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టి, ఆ పాపనే పిలవమన్నారు.

కిటికీ పాప వచ్చి నిలబడింది. మేడం ఆ పిల్ల ఎత్తుకి వంగారు.

"నిజం చెప్పు తల్లీ. ఇందాక ఆరు గంటల యాభై నిమిషాలు అన్నావే, ఆ జవాబు నీకు ఎవరిచ్చారు?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. ఈ నాలుగు వారాల్లో దానికి కోపం రావడం నేను చూడలేదు.

"ఎవరూ ఇవ్వలేదు" అంది. "నేనే ఆలోచించి తప్పు చెప్పాను."

మేడం లేచి, నా పుస్తకం తీసుకుని, వరండా పిట్టగోడ మీద పెట్టి రాశారు. యాభై ఎనిమిది. యాభై వస్తే చాలు. నాకు అక్కడే, పిల్ల ముందే, ఏడుపొచ్చేసింది. కిటికీ పాప నన్నూ మేడంనీ మార్చి మార్చి చూసి, వెళ్ళనా అని అడిగింది. వెళ్ళమన్నారు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా, "రేపు కూడా అడుగుతారా టీచర్?" అంది.